సిమిలిగుడలో గ్యాస్ గీజర్: ఎక్కడ బిగించాలి, ఏడాది పొడుగునా ఎలా చూసుకోవాలి?

ఘాట్‌రోడ్డు (సిమిలిగుడ)

అందరికీ నమస్కారం. మాది సాలూరు నుంచి పైకి వచ్చి సిమిలిగుడలో స్థిరపడిన కుటుంబం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లో కార్తీకం మొదలుకొని శివరాత్రి వెళ్లేదాకా తెల్లవారుజామున కుళాయి నీళ్లు ముట్టుకోవడం ఎలా ఉంటుందో ఒడిశాలోని మా కోరాపుట్ జిల్లా వారికి నేను వివరించనక్కర్లేదు. ఇంతవరకు పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాచుకున్నాం. డాబా వేశాక పెరడు ఇరుకైపోయింది, పైగా కాగిన నీళ్లను మోసుకుని గడప దాటడం డెబ్బై దాటిన మా అమ్మకు మంచిది కాదని ఆ పద్ధతి మానేద్దామనుకున్నాం. కార్తీక స్నానం చీకటి ఉండగానే కావాలన్న ఆవిడ నియమం మాత్రం మారేది కాదు కాబట్టి ఐదు గంటలకల్లా వేడినీళ్లు అందాలి.

కరెంటు గీజర్ పెడదామంటే చలికాలం ఉదయం పూట మా వీధిలో వోల్టేజీ బాగా పడిపోతుంది. ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద ముల్లు 180 దగ్గర ఆడుతూ ఉంటుంది. అందువల్ల నిమిషానికి 6 లీటర్లు ఇచ్చే గ్యాస్ గీజర్ ఒకటి కొన్నాం. పెట్టె ఇంకా విప్పలేదు.

బిగించడానికి పిలిచిన ప్లంబరు, స్నానాల గది లోపలే తలుపు పైన తగిలిస్తే పైపు ఖర్చు కలిసివస్తుందనీ, వెంటిలేటర్ ఉంది కాబట్టి భయం లేదనీ అంటున్నాడు. ఆ గది 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. ఇంకొక చోటు కూడా ఉంది: వంటగది వెనుక గిన్నెలు తోముకునే స్థలం. దాని మీద రేకు ఉంది, రెండు వైపులా ఎప్పుడూ తెరిచే ఉంటుంది; అయితే అక్కడి నుంచి స్నానాల గదికి పన్నెండు అడుగుల పైపు వేయాలి. ఇందులో ఏది మేలు? వంట సిలిండర్ గొట్టానికే మధ్యలో టీ ముక్క (రెండుగా చీల్చే T ఆకారపు అతుకు) పెట్టి గీజర్‌కు ఇస్తానన్న మాట కూడా నాకు రుచించలేదు. ఏడాదికి ఒకసారి ఏమేం శుభ్రం చేయించాలో, మనం ఇంట్లో చేసుకోదగినవి ఏవో కూడా తెలిసినవారు చెప్పగలరని మనవి.

జయపురం మెకానిక్

స్నానాల గది లోపల బిగించనివ్వకండి. ఈ ఒక్క విషయంలో బేరానికి తావు లేదు. మీరు గది కొలతలు ఇచ్చారు కాబట్టి కారణం లెక్కతోనే చెబుతాను.

6 లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు సుమారు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ సక్రమంగా కాలడానికి దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మీ గదిలో, బక్కెట్లూ మనిషీ ఆక్రమించే చోటు తీసివేయకుండా చూసినా, ఉన్న గాలి 7 ఘనపు మీటర్లకు లోపే. అంటే పావుగంట స్నానంలో ఆ గాలిలో దాదాపు సగాన్ని మంటే కోరుతుంది. అంతదాకా కూడా పోనక్కర్లేదు. ప్రాణవాయువు కొద్దిగా తగ్గగానే గ్యాస్ అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. గ్యాస్ లీకైనప్పుడు మనకు తెలిసే ఘాటు వాసన, గ్యాస్‌లో కావాలని కలిపే మెర్‌క్యాప్టన్ అనే పదార్థానిది. అది మంటలో కాలిపోతుంది కాబట్టి గీజర్ పొగలో ఆ హెచ్చరిక ఉండదు. ఇక వెంటిలేటర్ సంగతి. మన కొండ ఊళ్లలో పుష్యమాసం చలికి దాన్ని అట్టముక్కతోనో పాత సంచితోనో మూసివేయని ఇల్లు నాకు అరుదుగా కనిపిస్తుంది. గాలి ఎక్కువగా కావలసిన కాలంలోనే దాన్ని మూస్తారు.

కాబట్టి గిన్నెలు తోముకునే స్థలమే సరైన చోటు. పన్నెండు అడుగుల పైపు పెద్ద ఖర్చేమీ కాదు. రెండు వైపులా తెరిచి ఉంది కాబట్టి పొగ నిలవదు. ముందు ముందు ఎవరైనా చలి వస్తోందని అక్కడ ప్లాస్టిక్ పట్టా కట్టకుండా చూసుకోవాలి. గీజర్ మీద నుంచి వచ్చే పొగ వంటగది కిటికీలోకి దూరకుండా కిటికీకి కనీసం నాలుగైదు అడుగులు ఎడంగా తగిలించండి. పైన రేకు మరీ దగ్గరగా ఉంటే వేడి పొగ తగిలి వెనక్కి మళ్లుతుంది, అందుచేత పైన ఖాళీ ఎంత వదలాలో గీజర్‌తో వచ్చిన పుస్తకంలో చూసి ఆ కొలత తప్పకండి. చెక్క అల్మారా, గుడ్డలు ఆరేసే తాడు దాని పైన ఉండకూడదు. మీ గీజర్‌కు పొగగొట్టం బిగించే కాలర్ ఉంటే గొట్టం తప్పనిసరిగా వేయించండి. అది బయటికి పోయేకొద్దీ పైకి లేవాలి తప్ప కిందికి వాలకూడదు, కాలర్ కొలత కన్నా సన్నం కాకూడదు, చివర వాన పడకుండా టోపీ ఉండాలి. మన వైపు ఎక్కువగా అమ్ముడయ్యే చిన్న గీజర్లకు పొగగొట్టం ఏర్పాటే ఉండదు, అలాంటివి ఆరుబయట తప్ప మరెక్కడా పనికిరావు. పెట్టె విప్పినప్పుడు ఐఎస్ 15558 గుర్తు ఉందో లేదో చూడండి, గ్యాస్ మీద పనిచేసే చిన్న గృహ వాటర్ హీటర్లకు భారతీయ ప్రమాణం అదే.

ఎత్తు విషయంలో, మంట కనబడే చిన్న కిటికీ మీ కంటికి ఎదురుగా రావాలి. అందని ఎత్తున తగిలిస్తే మంట రంగు ఎవరూ చూడరు.

టీ ముక్క వద్దే వద్దు. ఏజెన్సీలో రెండో సిలిండర్ కనెక్షన్ తీసుకుని, దానికి వేరే రెగ్యులేటర్ పెట్టుకోండి. గృహావసరాల రెగ్యులేటర్ 30 మిల్లీబార్ల ఒత్తిడి ఇస్తుంది, గీజర్ దానికే తయారైంది. హోటల్ పొయ్యిలకు వాడే అధిక పీడన రెగ్యులేటర్‌ను ఎవరైనా చవకగా ఇస్తామన్నా ముట్టుకోకండి. గొట్టం ఐఎస్ 9573 గుర్తున్న, లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా గొట్టమే కావాలి. అది ఒకటిన్నర మీటర్లు మించకూడదు, గోడలో పూడ్చకూడదు, ఐదేళ్లకు మార్చాలి. దూరం అంతకన్నా ఎక్కువైతే రాగి పైపు వేయించి రెండు చివరలా వాల్వులు పెట్టించాలి. సిలిండర్ నిటారుగా, నేలకు సమంగా ఉండాలి. మన వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది కాబట్టి లీకైతే పల్లానికి జారి గోతుల్లో, తూముల్లో నిలుస్తుంది. మీ గిన్నెలు తోమే చోట నీళ్ల తూము ఉంటుంది కదా, సిలిండర్‌ను దానికి దూరంగా పెట్టండి.

నీటి పైపు సంగతి కూడా ఒక్క మాటలో చెప్పేస్తాను. వేడినీళ్ల వైపు మామూలు తెల్ల పీవీసీ వేస్తే మెత్తబడి వంగిపోతుంది, సీపీవీసీ వేయించండి, దాని మీద నురుగు తొడుగు వేస్తే పన్నెండు అడుగుల దూరంలో వేడి అంతగా పోదు. చల్లనీళ్లు లోపలికి పోయే చోట ఒక బాల్ వాల్వు ఉండాలి. గీజర్ అడుగున నీళ్లు కారే చిన్న భద్రతా వాల్వు ఉంటే, కారుతోందని దానికి మూత బిగించే ప్లంబర్లు ఉన్నారు. ఆ పని చేయనివ్వవద్దు.

చివరిగా మీ ట్యాంకు ఎత్తు చెప్పండి. గీజర్ వెలగకపోవడానికి నేను చూసిన కారణాల్లో సగం అక్కడివే.

వార్డు సిస్టర్ (రాయగడ)

పైన మెకానిక్ గారు చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ గురించి ఆసుపత్రి వైపు నుంచి కొంత చేర్చాలనిపించింది, ఎందుకంటే ఇంట్లో వారు దాన్ని గుర్తుపట్టకపోవడమే అసలు చిక్కు.

ఊపిరితో లోపలికి పోయిన కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, మెదడుకు మాత్రం ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, కడుపులో తిప్పడం, కాళ్లలో సత్తువ లేకపోవడం. ఆ తర్వాత స్నానం మధ్యలోనే పడిపోవడం, ఒక్కోసారి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. చూసినవారు మూర్ఛ వచ్చిందనుకుంటారు. తలుపు తీసి బయటికి తెచ్చాక కొంతసేపటికి తేరుకుంటే, బీపీ తగ్గిందనో, ఉపవాసం వల్లనో అనుకుని ఊరుకుంటారు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే పెద్దవాళ్ల విషయంలో ఆ పొరపాటుకు మరీ అవకాశం ఉంది. మన దేశంలో ఇలాంటి కేసులు తగినన్ని చూసిన మీదట వైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు.

వేలికి తగిలించే ఆక్సిమీటర్‌ను దీనికి నమ్మకండి. అది ప్రాణవాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్‌నూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌నూ వేరు చేయలేదు కాబట్టి, మనిషి స్పృహ తప్పి ఉన్నా 98 చూపించగలదు. ఆసుపత్రికి తీసుకువచ్చినప్పుడు ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందనీ, స్నానంలో పడిపోయారనీ మొదటి మాటగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే తలకు స్కానింగ్ దాకా వెళ్లి అసలు కారణం మరుగున పడుతుంది. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటా గంటన్నరకే తగ్గుతుంది. అందుచేత తేరుకున్నారు కదా అని ఇంట్లో పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయడం మంచిది. రక్షించడానికి వెళ్లేవారు ముందు గ్యాస్ కట్టి, తలుపు కిటికీలు బార్లా తెరిచి, మనిషిని ఆరుబయటికి లాగాలి. లోపలే కూర్చోబెట్టి ముఖం మీద నీళ్లు చల్లుతూ కూర్చుంటే రక్షించేవారూ పడిపోతారు.

గర్భిణులకు, గుండె జబ్బు ఉన్నవారికి, పెద్దవారికి ఇది మరింత త్వరగా హాని చేస్తుంది. మీ అమ్మగారు స్నానం చేసే గదికి బయటి నుంచి కూడా తీయగలిగిన గడియ పెట్టించండి. గీజర్ బయట ఉన్నా ఈ జాగ్రత్త వృథా కాదు, పెద్దవాళ్లు జారిపడినా పనికివస్తుంది.

పర్లాకిమిడి లెక్కలు

అందరూ గ్యాస్ ఎలా బిగించాలో చెబుతున్నారు కాబట్టి నేను కొంచెం ఎదురు వాదం చేస్తాను. వోల్టేజీ తక్కువని కరెంటు గీజర్‌ను కొట్టిపారేయడం పూర్తిగా న్యాయం కాదు.

వోల్టేజీ 230 నుంచి 180కి పడితే హీటర్ శక్తి దాదాపు 61 శాతానికి పడుతుంది, ఎందుకంటే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. కుళాయి తిప్పగానే వేడిచేసే 3 కిలోవాట్ల చిన్న ఇన్‌స్టంట్ గీజర్ అయితే మీకు నిజంగానే పనికిరాదు. పూర్తి వోల్టేజీ ఉన్నప్పుడే అది 25 డిగ్రీలు పెంచి నిమిషానికి 1.7 లీటర్లు మాత్రం ఇస్తుంది, మీ వీధిలో లీటరు మీద కొంచెం వస్తుంది. అదే 25 లీటర్ల ట్యాంకు ఉన్న గీజర్ సంగతి వేరు. 15 డిగ్రీల నీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి 2 కిలోవాట్ల హీటర్‌కు మామూలుగా నలభై నిమిషాలు పడితే, మీ వోల్టేజీలో గంట దాటుతుంది, అంతే. తెల్లవారుజామున మూడున్నరకు టైమర్ పెట్టుకుంటే ఐదింటికి సిద్ధం. ఆ 25 లీటర్లకు చల్లనీళ్లు కలిపితే గోరువెచ్చటి నీళ్లు 45 లీటర్లు, అంటే రెండు బక్కెట్లకు పైన. అమ్మగారి ఒక్కరి కోసమే అయితే ఈ దారిలో మంటా లేదు, పొగా లేదు.

ఖర్చు కూడా చూద్దాం. ఇరవై లీటర్ల బక్కెట్‌ను 25 డిగ్రీలు వేడిచేయడానికి గీజర్‌లో వృథాతో కలిపి సుమారు 57 గ్రాముల గ్యాస్ పడుతుంది; 14.2 కిలోల సిలిండర్‌కు దాదాపు 250 బక్కెట్లు వస్తాయి. అదే బక్కెట్‌కు కరెంటు 0.65 యూనిట్ దాకా అవుతుంది. మీ ఊళ్లో సిలిండర్ ధరను 250తో భాగించి, మీ బిల్లులో చివరి శ్లాబు యూనిట్ ధరను 0.65తో గుణించి పక్కపక్కన పెట్టుకోండి. సాధారణంగా రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి, కాబట్టి ఆదా అవుతుందన్న ఆశతో గ్యాస్ ఎంచుకునేవారు నిరాశపడతారు.

మా పర్లాకిమిడి ఉక్కలో ఈ గొడవే లేదనుకోండి, మేము వేడినీళ్లు అడిగేది ఏడాదిలో కొన్ని వారాలే.

ఘాట్‌రోడ్డు (సిమిలిగుడ)

అందరికీ ధన్యవాదాలు. స్నానాల గది మాట ఇక లేదు, ప్లంబరుకు చెప్పేశాను. పర్లాకిమిడి వారి లెక్క నచ్చింది, కాని మా ఇంట్లో ఐదుగురం ఏడింటి లోపల వరుసగా స్నానాలు ముగించి బడికీ, ఆఫీసుకూ బయలుదేరాలి కాబట్టి రెండు బక్కెట్ల గీజర్‌తో సాగదు. పైగా ఇది కొనేశాం.

ట్యాంకు కొలతలు తీశాను. డాబా నేల నుంచి 10 అడుగుల ఎత్తు, దాని మీద 3 అడుగుల దిమ్మె, దిమ్మె మీద ట్యాంకు. స్నానాల గదిలో షవర్ నేల నుంచి 7 అడుగుల ఎత్తున, బక్కెట్ కుళాయి రెండున్నర అడుగుల ఎత్తున ఉన్నాయి. ట్యాంకు నుంచి అరంగుళం పైపు దిగుతుంది. ఇది సరిపోతుందా?

జయపురం మెకానిక్

బక్కెట్‌కు సరిపోతుంది, షవర్‌కు సరిపోదు.

ట్యాంకు అడుగు 13 అడుగుల మీద ఉంది. షవర్‌కూ దానికీ మధ్య తేడా 6 అడుగులు, అంటే 1.8 మీటర్లు. పది మీటర్ల నీటి ఎత్తు ఒక బార్ ఒత్తిడి కాబట్టి మీకు దక్కేది 0.18 బార్, పైపు వంపుల్లో పోయేది పోగా ఇంకా తక్కువ. ఈ చిన్న గీజర్లలో చాలా వాటికి వెలగడానికి 0.2 బార్ దగ్గర ఒత్తిడి కావాలి, మీ దాని పుస్తకంలో కచ్చితమైన అంకె ఉంటుంది. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. నీళ్లు తగినంత జోరుగా వచ్చినప్పుడు ఆ పొర ఉబ్బి ఒక పుల్లను తోస్తుంది, ఆ పుల్ల గ్యాస్ వాల్వును తెరిచి స్విచ్చును నొక్కుతుంది, అప్పుడు టక టక మని నిప్పురవ్వ పడుతుంది. నీటి జోరు చాలకపోతే ఆ పొర కదలదు. బక్కెట్ కుళాయికి మాత్రం పదిన్నర అడుగుల తేడా ఉంది, 0.3 బార్ దాటుతుంది, హాయిగా వెలుగుతుంది.

షవర్ కావాలంటే దిమ్మెను ఇంకో మూడు నాలుగు అడుగులు లేపడం ఒక మార్గం, లేదా నాలుగడుగుల ఎత్తున చేతి షవర్ పెట్టుకోవడం ఇంకొకటి. ట్యాంకు నుంచి గీజర్ దాకా అరంగుళానికి బదులు ముప్పాతిక అంగుళం పైపు వేయడం రెండింటికీ మేలు చేస్తుంది. చిన్న ప్రెషర్ పంపు పెట్టుకునేవారున్నారు, కాని కరెంటు పోయిన ఉదయం గీజర్ కూడా ఆగిపోతుంది. కరెంటు బాధ తప్పించుకోవడానికి గ్యాస్ కొని మళ్లీ కరెంటుకే కట్టేయడం నాకు సమంజసంగా తోచదు.

చలికాలంలో నీళ్లు చాలినంత వేడెక్కడం లేదనిపిస్తే గ్యాస్ వెంటనే పెంచకుండా ముందు నీటి మర తగ్గించండి. గీజర్ ఇచ్చే వేడి ఒకటే, నీళ్లు మెల్లగా పోతే ఎక్కువ వేడెక్కుతాయి. ఇంకో విషయం: సిలిండర్ అడుగంటినప్పుడు మంచు పట్టినట్టు చెమర్చి మంట నీరసిస్తుంది. అలాంటప్పుడు సిలిండర్‌ను పడుకోబెట్టడం, దాని మీద వేడినీళ్లు పోయడం మన వైపు అలవాటు. రెండూ ప్రమాదమే. కొత్త సిలిండర్ పెట్టుకోవడమే పని.

దమన్‌జోడి పెద్దాయన

ఉద్యోగం ముగిశాక తీరిక ఎక్కువై ఈ యంత్రాన్ని విప్పి చూడడం నాకు కాలక్షేపమైంది, కాబట్టి నిర్వహణ గురించి నేను రాస్తాను.

ఇంట్లో అందరూ చేయగలిగిన పని మంటను చూడడం. నీలంగా, పొట్టిగా, నిలకడగా ఉంటే మంచిది. పసుపు నాలుకలు లేచినా, పైన పొగ వెళ్లే కన్నాల చుట్టూ నల్లటి మసి కనబడినా ఆ రోజుకు వాడకం ఆపేయండి. వేసవి అంతా వాడకుండా వదిలేసిన గీజర్‌ను కార్తీకంలో మళ్లీ వెలిగించినప్పుడు ఈ పసుపు మంట తరచుగా కనిపిస్తుంది. కారణం చూస్తే బర్నర్ గొట్టాల మూతిలో సాలీడు గూడు కట్టి ఉంటుంది. గ్యాస్ వాసనకు సాలీళ్లు చేరతాయని కొందరంటారు, ఆ మాటెలా ఉన్నా గూడు వల్ల గాలి తగినంత కలవక మంట పాడవడం మాత్రం నిజం. గ్యాస్ కట్టి, ముందు రేకు విప్పి, మెత్తని పళ్ల బ్రష్షుతో తుడిస్తే పోతుంది. జెట్ల కన్నాల్లో సూది పెట్టి పొడవకండి. కన్నం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువగా వచ్చి మంట మళ్లీ పసుపే అవుతుంది.

నీళ్లు లోపలికి వెళ్లే నట్టు దగ్గర చిన్న జాలీ ఉంటుంది. వానాకాలంలో ట్యాంకులోకి ఎర్రమట్టి దిగే మన ప్రాంతంలో అది త్వరగా పూడుతుంది, అప్పుడు నీటి జోరు తగ్గి గీజర్ వెలగదు. వాల్వు కట్టి, నట్టు విప్పి, జాలీని కుళాయి కింద కడిగి మళ్లీ బిగించడానికి స్పానర్ ఒక్కటి చాలు. చాలామంది ఈ సంగతి తెలియక బ్యాటరీలు మార్చి, అదీ కాకపోతే మెకానిక్‌ను పిలుస్తారు.

బ్యాటరీలు టార్చిలైటులో వేసే పెద్ద సెల్లులు రెండు. టక టక శబ్దం మందగించిందంటే మార్చే వేళ అయింది. చలికాలం ముగిశాక తప్పక తీసివేయండి, లేకపోతే వేసవిలో అవి కారి స్ప్రింగులను పచ్చగా తినేస్తాయి.

బోరు నీళ్లు వాడేవారికి రాగి గొట్టంలో సున్నపు పొర పడుతుంది. నీళ్లు మునుపటంత వేడెక్కకపోవడం, లోపల కుతకుత శబ్దం రావడం దాని గుర్తులు. నేను చేసేది ఇది: గ్యాస్ కట్టి, బ్యాటరీలు తీసి, రెండు నీటి పైపులూ విప్పి, బక్కెట్‌లో లీటరుకు రెండు పెద్ద చెంచాల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, కూలర్ పంపుతో ఆ నీళ్లను గీజర్ గుండా అరగంట తిప్పుతాను. బక్కెట్‌లో మొదట బుడగలు వస్తాయి, అవి ఆగిపోతే సున్నం కరిగినట్టు. ఆ తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోసి రాగిని తినిపించుకున్నవారు మా కాలనీలోనే ఉన్నారు. గీజర్ వారంటీలో ఉంటే మాత్రం ఇవేవీ చేయకుండా కంపెనీ మనిషినే పిలవండి, విప్పితే వారంటీ పోతుంది.

గ్యాస్ వైపు మనం చేయదగినది సబ్బు నీళ్ల పరీక్ష ఒక్కటే. సిలిండర్ మార్చిన ప్రతిసారీ రెగ్యులేటర్ దగ్గర, గొట్టం రెండు చివరలా సబ్బు నురుగు రాసి బుడగ లేస్తుందేమో చూడాలి. అగ్గిపుల్లతో చూసే వీరులు ఇప్పటికీ ఉన్నారు. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టి, లైటు స్విచ్చు వేయడం గానీ తీయడం గానీ చేయకుండా బయటికి వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ లీకును పట్టే అలారం వేరు, కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టే అలారం వేరు. మొదటిది నేలకు దగ్గరగా, రెండవది మనిషి ముక్కు ఎత్తున ఉండాలి. బయట బిగించిన గీజర్‌కు రెండవది అత్యవసరం కాదు గానీ, గీజర్ పక్కన పడకగది కిటికీ ఉన్నవారు ఆ గదిలో ఒకటి పెట్టుకోవడం మంచిది.

ఘాట్‌రోడ్డు (సిమిలిగుడ)

చాలా ఉపకారం చేశారు. రెండో సిలిండర్‌కు ఏజెన్సీలో రాసిచ్చాం, ముప్పాతిక పైపు కూడా తెప్పించాం. ఒక సందేహం మిగిలింది. మా బంధువుల ఇంట్లో కుళాయి కట్టేసినా గీజర్ మంట కొంతసేపు వెలుగుతూనే ఉంటుంది, వాళ్లు దాన్ని పట్టించుకోవడం లేదు. అది మామూలేనా? మొదటిసారి వెలిగించేటప్పుడు ఏ క్రమంలో చేయాలి?

జయపురం మెకానిక్

మామూలు కాదు, వెంటనే వాడకం ఆపమనండి. రబ్బరు పొర గట్టిపడో, ఇందాక చెప్పిన పుల్ల తుప్పు పట్టి ఇరుక్కునో వెనక్కి రావడం లేదు. నీళ్లు కదలకుండా మంట కాలితే రాగి గొట్టంలోని నీళ్లు ఆవిరై గొట్టం చిట్లుతుంది, తర్వాత కుళాయి తిప్పినవారి చేతి మీద సలసల కాగే నీళ్లు పడతాయి. వేడి మించితే ఆపే సెన్సర్, ఇరవై నిమిషాలకు ఆరిపోయే టైమర్ చాలా గీజర్లలో ఉన్నాయి గాని, వాటి మీద భారం వేసి ఊరుకునే లోపం కాదిది. పొర, పుల్ల, వాషర్లు కలిపి మార్చడం మెకానిక్‌కు చిన్న పని.

మొదటిసారి గ్యాస్ తెరవకుండా, బ్యాటరీలు వేయకుండా నీళ్లు మాత్రం కొన్ని నిమిషాలు పారనివ్వండి. కొత్త పైపు కోసిన ప్లాస్టిక్ రజను అంతా వచ్చేస్తుంది, ఆ తర్వాత జాలీ ఒకసారి విప్పి కడగండి. అప్పుడు బ్యాటరీలు వేసి, గ్యాస్ తెరిచి, సబ్బు నురుగుతో అతుకులన్నీ చూసి, గ్యాస్ మర తక్కువలో పెట్టి కుళాయి తిప్పండి. గొట్టంలో గాలి ఉంటుంది కాబట్టి మొదట రెండు మూడు సార్లు టక టక మని ఆగిపోవచ్చు; ప్రతిసారీ కుళాయి కట్టి, అర నిమిషం ఆగి మళ్లీ తిప్పండి. ఆగకుండా వరుసగా తిప్పితే లోపల గ్యాస్ పోగై ఒక్కసారిగా భగ్గున అంటుకుంటుంది, ముఖం మంట కనబడే కిటికీకి దగ్గరగా పెట్టి చూడవద్దు. వెలిగాక బక్కెట్‌లో నీళ్ల వేడి చేత్తో చూసి మరలు సరిచేసుకుని, అవి ఏ గుర్తు దగ్గర ఉన్నాయో మార్కర్‌తో గీత గీసి పెట్టండి. అమ్మగారు తెల్లవారుజామున మరలు తిప్పవలసిన పని లేకుండా కుళాయి ఒక్కటే తిప్పుకుంటారు.